చలిలో చేప ఎలా బతుకుతాది?



ఇప్పుడు మన హాస్టల్లో అందరి నోటా ఒకటే మాట, చలి. రెండు దుప్పట్లు కప్పుకున్నా కాళ్ళు వేడెక్కవు. తెల్లవారి కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మన అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అందుకే విశాఖపట్నంలో లేని చలి మనకి ఉంది. చింతపల్లి వైపు లంబసింగిలో కొన్ని ఏళ్ళు 0 డిగ్రీల దగ్గరికి కూడా పడిపోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకొక పేరు. రాత్రి బయట ఉండిపోయినవాళ్ళు కొయ్యలాగ బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందంటారు.

మనకి దుప్పటి ఉంది, చలిమంట ఉంది. గెడ్డలో ఉన్న చేపకి ఏముంది? ఈసారి గోడ పత్రికకి ఇదే రాస్తున్నాను. చివరిదాకా చదవండి, ఎందుకంటే చివర మీ అందరినీ ఒకటి అడగాలి.

మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బయట ఎంత చలి ఉన్నా అది అంతే ఉండాలి. దానికోసమే మనకి ఎక్కువ తిండి కావాలి, వణుకు కూడా అందుకే వస్తాది. చేపకి ఆ బాధ లేదు. నీళ్ళు 12 డిగ్రీలుంటే చేప ఒళ్ళు కూడా ఇంచుమించు 12 డిగ్రీలే. నీళ్ళు 10 డిగ్రీలు చల్లబడితే దాని ఒంట్లో జరిగే పని సగానికి, కొన్ని చేపల్లో మూడో వంతుకి తగ్గిపోతాది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటాది. తిండి తగ్గిస్తాది. ఈత తగ్గిస్తాది. లోతు మడుగులో రాళ్ళ సందున కదలకుండా ఉంటాది. పని తగ్గింది కాబట్టి దానికి గాలి కూడా కొంచెం చాలు.

ఇంకో విచిత్రం ఉంది. నీళ్ళు చల్లబడే కొద్దీ వాటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది. 10 డిగ్రీల నీళ్ళు ఒక లీటరులో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో ఏడున్నర మిల్లీగ్రాములే పడుతుంది. ఇది సముద్ర మట్టం దగ్గర లెక్క, మన కొండల మీద ఇంకా కొంచెం తక్కువ. అంటే చలికాలంలో మన గెడ్డ చేపకి ఖర్చు తక్కువ, నిల్వ ఎక్కువ.

చలి దేశాల్లో చెరువుల మీద మంచు గడ్డ కడుతుంది. కానీ నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, మంచు తేలిక. అందుకని మంచు పైన తేలుతుంది, అడుగున నీళ్ళు నీళ్ళగానే ఉంటాయి. చేపలు అక్కడ ఉంటాయి. మంచు మూతలాగ కప్పేస్తే లోపలికి గాలి రాదు, వెలుగు తగ్గి నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వలేదు. అయినా యూరపులో క్రూషియన్ కార్ప్ అనే చేప అలాంటి చెరువులో నెలల తరబడి బతుకుతుంది. ముందుగా కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్‌ని గాలి లేకుండానే వాడుకుంటుంది. అలా వాడితే ఒంట్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుని చంపేస్తుంది. కానీ ఆ చేప దాన్ని ఆల్కహాలుగా మార్చి మొప్పల గుండా నీళ్ళలోకి వదిలేస్తుంది. ఇది ఏ ఎంజైముల వల్ల జరుగుతుందో 2017లో నార్వేలోని ఓస్లో, ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ చేప రక్తంలో 100 మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండవచ్చు. మనుషులు సారా తాగి ఒళ్ళు చెడగొట్టుకుంటే, ఈ చేప సారా కాచి పారబోసి బతుకుతోంది! ఇది చెప్తే మా క్లాసులో అందరూ నవ్వారు.

మన చేపలకి అసలు కష్టం చలికాలంలో కాదు, ఎండాకాలంలో. ఏప్రిల్, మే వచ్చేసరికి గెడ్డ తెగిపోయి మడుగులు మిగులుతాయి. నీళ్ళు వేడెక్కుతాయి, ఆక్సిజన్ తగ్గుతుంది. చేప ఒంట్లో పని మాత్రం పెరుగుతుంది. రాలిన ఆకులు, పశువుల పేడ కుళ్ళి ఉన్న గాలిని కూడా తినేస్తాయి. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున మరీ తక్కువ. అప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. కొల్లేరు వైపు చేపల చెరువుల వాళ్ళు ఇందుకే రాత్రిపూట ఏరియేటర్లు తిప్పుతారు. మన గెడ్డకి రాళ్ళ మీద నుండి దూకే నీళ్ళే ఏరియేటరు. ఆ నీళ్ళు ఆగితే అది ఆగినట్టే.

అప్పుడు కూడా బతికేవి కొన్ని ఉన్నాయి. కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి. వీటికి మొప్పలు కాక గాలి పీల్చే అర కూడా ఉంది. కొరమీనుకి అది తలలో మొప్పల పైన ఉంటుంది. ఇంగిలాయికి వెన్ను పొడవునా సంచుల్లాగ ఉంటుంది. పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్ళీ కిందకి పోతాయి. సంతలో చూడండి, కొరమీను తట్టెడు నీళ్ళలో గంటల తరబడి బతికే ఉంటుంది. కానీ పైకి రానివ్వకుండా నీళ్ళలోనే ఆపేస్తే కొరమీను మునిగి చచ్చిపోతాది. చేప నీళ్ళలో మునిగి చావడం ఎక్కడైనా విన్నారా? మడుగు ఎండిపోతే అది బురదలో దూరి తడి ఆరేదాకా ఓర్చుకుంటుంది. ఈ కొరమీనునే తెలంగాణలో కొర్రమట్ట అంటారు. 2016లో అది వాళ్ళ రాష్ట్ర చేప అయింది.

దీన్నిబట్టి నాకు ఒకటి తెలిసింది. చలికి కదలకుండా ఉన్నప్పుడు, ఎండకి నోరు తెరిచి పైకి వచ్చినప్పుడు చేప బతకడానికే అలా చేస్తోంది. కానీ మనకి అది చేతికి దొరికే సమయం కూడా అదే.

పోయిన ఎండాకాలం మా ఊరి గెడ్డలో మిగిలిన ఒక్క మడుగులో ఎవరో బ్లీచింగ్ పౌడరు కలిపారు. ఒక పూట కూరకి వచ్చినన్ని పెద్ద చేపలు ఏరుకున్నారు. వేలెడంత కూడా లేని పిల్లలు మడుగు నిండా తెల్లగా తేలాయి. పీతలు కూడా చచ్చాయి. గాలి పీల్చే చేపలు కూడా బతకలేదు, ఎందుకంటే ఆ మందు మొప్పల్ని, చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ మడుగు కిందే మేము నీళ్ళు ముంచుకుంటాం. అమ్మ రెండు రోజులు దూరంగా ఉన్న ఊట చెలమ నుండి నీళ్ళు మోసింది. వానలకి గెడ్డ నిండింది. దసరా సెలవులకి వెళ్ళి చూస్తే నీళ్ళున్నాయి గాని చేప లేదు.

మా అమ్మమ్మ బడి ముఖం చూడలేదు. కానీ మడుగు మీద కొరమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరుగుతుంటే ఆ చోట గాలం వెయ్యనిచ్చేది కాదు. "కింద పెద్దది కాపలా ఉంటాది. దాన్ని పట్టీస్తే పిల్లలన్నీ పోతాయే" అనేది. అది నిజమే, కొరమీను తన పిల్లలకి కాపలా కాస్తుంది. హుకుంపేట మండలం మత్స్యగుండంలో అయితే పెద్దలు చేపల్ని దేవుడి చేపలని అసలు పట్టరు. జనం వేసిన మేత తింటూ అవి అక్కడ భయం లేకుండా తిరుగుతాయి. అన్ని గెడ్డలూ మత్స్యగుండం కానక్కర్లేదు. మనం చేపలు తినేవాళ్ళమే, నాకూ చేపల పులుసు ఇష్టమే. గాలంతో, వలతో, బుట్టతో పట్టుకుంటే రేపటికి కూడా మిగులుతాయి.

సంక్రాంతి సెలవులకి అందరం ఇళ్ళకి పోతాం. తరువాత ఎండాకాలం సెలవులు. మీ ఊళ్ళో అన్నయ్యలు, బావలు మందు డబ్బా పట్టుకుని గెడ్డకి పోతుంటే అడ్డుపడండి. చిన్నపిల్లవి నీకేం తెలుసు అంటే, ఇక్కడ చదివింది చెప్పండి. వినకపోతే ఆ గెడ్డ నీళ్ళు ఎవరు తాగుతున్నారో అడగండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని