ఇరవై ఎనిమిది రోజుల లెక్క

ఉమ్మనీటిని పరీక్షకి పంపితే లాబొరేటరీ ఇచ్చేది ఒక అంకె. దాన్ని ఆడదాని తప్పుగా చదివేది మన ఇళ్లు.

బోడుప్పల్‌లో ఉండే మా చెల్లెలి కూతురికి మొదటి బిడ్డ వెన్ను మూసుకోకుండా పుట్టి దక్కలేదు. గ్రహణం పూట బయట తిరిగిందన్నారు అత్తగారు. రెండోసారి పదహారో వారంలో ఉమ్మనీరు తీయించమన్నారు. సంతకానికి ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. "ఇందులో ఏముంది పెద్దమ్మా?" అంది.

నాకు తెలిసింది చెప్పాను. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకోకపోతే, పిండంలోని ఆల్ఫా ఫీటోప్రొటీన్ ఉమ్మనీటిలోకి ఎక్కువగా చేరుతుంది. 1972లో ఎడింబరోలో బ్రాక్, సట్‌క్లిఫ్ ఈ సంగతి బయటపెట్టారు. నెలల లెక్క తప్పితే ఆ అంకెకి అర్థం మారిపోతుంది. అందుకే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమునీ, స్కానింగునీ కలిపి చూస్తారు. ఇప్పుడు మంచి స్కానింగే చాలావరకు చెప్పేస్తోంది. సూదితో నీరు తీస్తే గర్భం పోయే ప్రమాదం కొద్దిగానైనా ఉంటుంది.

ఆ గొట్టం పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి గడువు దాటిపోతుంది. ఒకసారి ఇలాంటి బిడ్డని కన్నవాళ్లు గర్భానికి ముందునుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గిందని బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లోనే తేల్చింది. బోడుప్పల్ నుంచి ఉప్పల్, హబ్సిగూడ దాటితే తార్నాక. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచీ హైదరాబాదులోనే ఉంది. అయినా బిడ్డని పోగొట్టుకున్న పిల్లని ఇంటికి పంపేటప్పుడు ఆ మాత్ర మాట ఎవరూ చెప్పలేదు. రెండోసారి మాత్రం, "ముందే వేసుకోలేదా?" అని గద్దించారు. గ్రహణం పోయి మాత్ర వచ్చింది. నింద మాత్రం కదల్లేదు.

అంకె మామూలుగానే వచ్చింది. వేరేగా వచ్చి ఉంటే ఏం చెయ్యాలో తేల్చుకోవలసింది ఆ పిల్లే. ముందు విషయం అర్థమైతే కదా తేల్చుకునేది!

గర్భస్థ పరీక్షల మీద 1994లో వచ్చిన చట్టాన్ని మనం ఆడపిల్లల భ్రూణహత్యల సందర్భంలోనే తలుచుకుంటాం. పరీక్షవల్ల కలిగే ఇబ్బందులన్నీ ఆమెకి వివరించాలనీ, ఆమెకి అర్థమయ్యే భాషలో రాతపూర్వక అనుమతి తీసుకోవాలనీ, దాని ప్రతి ఆమెకివ్వాలనీ అదే చట్టం చెబుతోంది. తెలుగు కాగితం అడగడం మన హక్కు. ఇక మాత్ర సంగతి చెప్పాల్సింది గర్భం వచ్చాక కాదు, అంతకు ముందే. అదీ ఆమె ఒక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ.