ట్రక్కు నాది, ట్రైలర్ అద్దెది

ఒక గ్యాలన్ పెట్రోలులో 33.7 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. నేను నడిపే ఫోర్డ్ ఎలక్ట్రిక్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్‌లో పెద్ద బ్యాటరీ 131 యూనిట్లు. భాగించి చూస్తే నాలుగు గ్యాలన్లు కూడా రాదు. అదే ఎఫ్-150 పెట్రోలు బండికి 36 గ్యాలన్ల ట్యాంకు దొరుకుతుంది. అయినా లైట్నింగ్ ఒక్క చార్జికి 320 మైళ్లు పోతుందంటే, అది మోటారు పొదుపుతనం. పెట్రోలు ఇంజను తాగినదాంట్లో చాలా భాగం వేడి కింద పోగొడుతుంది, మోటారు పోగొట్టేది తక్కువ. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా ఇల్లు, ఆఫీసు, పిల్లల క్లాసులు, పటేల్ బ్రదర్స్ కిరాణా కొట్టు తిరుగుడికి ఆ పొదుపు చాలు. వెనక క్యాంపింగ్ ట్రైలర్ తగిలించిన రోజు మాత్రం ఆ నాలుగు గ్యాలన్ల సంగతి బయటపడుతుంది.

కంపెనీలు రెండు అంకెలు గట్టిగా చెబుతాయి. ఒకటి ఎన్ని మైళ్లు పోతుంది, రెండోది ఎంత బరువు లాగుతుంది. లైట్నింగ్ తగిన ప్యాకేజీతో 10,000 పౌండ్లు లాగుతుంది, పోటీ ఎలక్ట్రిక్ ట్రక్కులు రివియన్ ఆర్1టీ, సైబర్‌ట్రక్ 11,000 లాగుతాయి. రెండు అంకెలూ నిజమే, కాకపోతే ఒకే రోజున రెండూ నిజం కావు. పది అడుగుల ఎత్తున్న ట్రైలర్ తగిలిస్తే మైళ్లు దాదాపు సగమవుతాయి. చదును రోడ్డు మీద బరువుకన్నా ఎత్తే ఎక్కువ ఖరీదు. గాలి నిరోధం బండి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 65 మైళ్ల వేగం మీద పోయేవాడు 75కి పెంచితే మూడో వంతు అదనం. డాలస్ నుంచి అమరిల్లోకి పోయే 287 హైవే మీద టెక్సస్ ఉత్తర కొసలోని ప్యాన్‌హ్యాండిల్ గాలి ఎదురు కొట్టిందంటే ఆ సగం కూడా నిలవదు.

ఇక్కడ పెట్రోలు ట్రక్కువాళ్లు ఒక మాట దాటేస్తారు. ట్రైలర్ తగిలిస్తే వాళ్ల బండి కూడా గ్యాలన్‌కు 20 మైళ్ల నుంచి పదికి పడిపోతుంది. నష్టం ఇద్దరికీ ఒకటే. తేడా ట్యాంకులో ఉంది, నింపే సమయంలో ఉంది. వాళ్లు అయిదు నిమిషాల్లో నింపుకుని పోతారు. మనం బ్యాటరీ 10 శాతం నుంచి 80కి ఎక్కడానికి ముప్పావుగంట కూర్చోవాలి. పైగా ఫాస్ట్ చార్జర్లు ఎక్కువచోట్ల కారు ముక్కు దూర్చి నిలిపేలా కట్టారు. ట్రైలర్‌తో సహా దూరి అవతల బయటికి వచ్చే వసతి అరుదు. అంటే ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, చార్జి చేసి, మళ్లీ తగిలించుకోవాలి. 80 నుంచి 10 దాకా వాడుకుంటే ట్రైలర్‌తో దక్కేది వంద మైళ్లు. వంద మైళ్లకోసారి ఈ తతంగం అంటే, డాలస్ నుంచి 370 మైళ్లున్న పాలో డ్యూరో క్యాన్యన్‌కు చేరేసరికి రాత్రి వంట వేళ దాటిపోతుంది.

సమయం సంగతి అలా ఉంచి, డబ్బు చూద్దాం. ఇంట్లో రాత్రిపూట చార్జి చేస్తే నాకు యూనిట్ 14 సెంట్లు పడుతుంది. ఖాళీ బండి యూనిట్‌కు రెండు మైళ్లు పోతుంది, అంటే మైలుకు 7 సెంట్లు. గ్యాలన్ మూడు డాలర్లనుకుంటే పెట్రోలు ట్రక్కుకు మైలుకు 15. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే నాకు మిగిలేది 960 డాలర్లు. ఇందులోంచి టెక్సస్ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండి అని ఏటా రిజిస్ట్రేషన్ మీద వసూలు చేసే 200 తీసేయాలి. పెట్రోలు పన్ను కట్టడం లేదుగా అని 2023 సెప్టెంబరు నుంచి మొదలుపెట్టారు. మిగిలింది 760. ఇప్పుడు ట్రైలర్ కట్టుకుని హైవే ఎక్కండి. ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 50 సెంట్లకు అటూ ఇటూ, ట్రైలర్‌తో యూనిట్‌కు మైలుకు కాస్త ఎక్కువ. మైలు 45 సెంట్లకు తగ్గదు. పెట్రోలు బండికి ట్రైలర్‌తో అదే మైలు 30. ఊళ్లో మైలుకు 8 సెంట్లు సంపాదించిపెట్టే బండి, లాగుడు మీద మైలుకు 15 సెంట్లు ఖర్చు పెడుతుంది. ఈ సంగతి కాగితం మీద పెట్టాకే నేను బండిని ఏ పనికి కొనాలో తేల్చుకున్నాను.

అసలు ఈ సెంట్ల లెక్కంతా కలిపినా తరుగుదల ముందు చిల్లరే. 2023 జులైలో ఫోర్డ్ లైట్నింగ్ ధరలను మోడల్‌ను బట్టి పదివేల డాలర్ల దాకా తగ్గించింది. కొత్త బండి ధర తగ్గితే పాతదాని ధర అంతకన్నా వేగంగా దిగుతుంది. నేను 2025 మొదట్లో కొన్నది రెండేళ్ల బండి. కొత్తలో 75 వేల పైచిలుకు స్టిక్కరు, నాకు పడింది సగానికి కాస్త పైన. కొత్త బండి మీద ఉండిన 7,500 డాలర్ల ఫెడరల్ రాయితీ (అది 2025 సెప్టెంబరు 30తో పోయింది) వదులుకున్నా మొదటి యజమాని మోసిన నష్టం ముందు అదెంత?

ట్రైలర్ మాత్రం కొనలేదు. మా బావమరిది దీనికి ఇప్పటికీ నన్ను ఆడిపోసుకుంటాడు.

"ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది బావా నీ పని."

వాడి 26 అడుగుల ట్రైలర్ ఏడాదిలో ఎక్కువ రోజులు నెలవారీ అద్దె కట్టే స్టోరేజీ యార్డులోనే ఉంటుంది. ఇంటి ముందు నిలపడానికి వాళ్ల కాలనీ ఇళ్ల యజమానుల సంఘం హెచ్‌ఓఏ ఒప్పుకోదు. ఇన్సూరెన్సు, టైర్లు, చలికాలం ముందు పైపుల్లో నీళ్లు తీయించడం వేరే. ఇంకో సంగతి వాడికి చెబితే వినడు. లాగే సామర్థ్యం ఒకటే చూస్తే చాలదు, డ్రైవర్ తలుపు దగ్గర పసుపు స్టిక్కరు మీదుండే పేలోడ్ చూడాలి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడుతుంది. 7,000 పౌండ్ల ట్రైలరైతే అక్కడే వెయ్యి దాకా పోవచ్చు. అయిదుగురు మనుషులు, బియ్యం, కూలర్లు ఎక్కేసరికి పెద్ద బ్యాటరీ బండ్లలో స్టిక్కరు అంకె ఇట్టే దాటిపోతుంది.

దగ్గరి చోట్లకు నేను వారాంతానికి ట్రైలర్ అద్దెకు తీసుకుంటాను. లేక్ టెక్సోమా ఒడ్డున ఐజన్‌హవర్ స్టేట్ పార్క్ ఉంది, ఇంటినుంచి గంటంబావు. దారిలో చార్జింగే అక్కర్లేదు. కరెంటున్న సైట్ తీసుకుంటే స్తంభం మీద 30 ఆంపుల ప్లగ్గు ట్రైలర్‌కు, 50 ఆంపులది ట్రక్కుకు. తెల్లారేసరికి 70 యూనిట్లు ఎక్కుతుంది. ఇలా వాడుకోవచ్చా అని పార్కువాళ్లను ముందే అడగడం మర్యాద. దూరప్రాంతాలకు ట్రక్కుతో లాగనే లాగను. ట్రైలర్ యజమానులే దాన్ని సైట్‌లో దింపి, సమం చేసి, తాళాలిచ్చి పోయే పద్ధతి ఉంది. పాలో డ్యూరో వైపు వెళ్లినప్పుడు ఆ ఊళ్లవాళ్ల దగ్గరే చూస్తాను. కొన్ని పార్కులు దీనికి ఒప్పుకోవు, అదీ అడగాలి. పెట్రోలు ట్రక్కు అద్దెకు తీసుకుని లాగుదామని కూడా చూశాను, కాని అద్దె కార్ల ఒప్పందాల్లో చాలావాటిలో ట్రైలర్ లాగకూడదని రాసే ఉంటుంది.

క్యాంపు చేరాక మాత్రం ఈ బండికి సాటి లేదు. వెనక తొట్టిలో ప్లగ్గులున్నాయి, పై మోడళ్లలో మొత్తం 9.6 కిలోవాట్లు ఇస్తుంది. రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్, మిక్సీ ఒకేసారి నడుస్తాయి. చెరువు గట్టున పెసరట్టుకు పప్పు రుబ్బుతుంటే పక్క సైట్ టెక్సన్ దంపతులు కుర్చీలు మావైపు తిప్పుకున్నారు. కరెంటు లేని సైట్‌లో ఆగస్టు రాత్రి ట్రైలర్ ఏసీ నడిపితే తెల్లారేసరికి పది, పన్నెండు యూనిట్లు. బ్యాటరీలో పదో వంతు కూడా కాదు. జనరేటర్ మోత లేదు, రాత్రి పది దాటాక ఆపమని ఎవరూ రారు. ఇంటికి తిరిగిపోవడానికి సరిపడా ఉంచుకుంటే చాలు.

ఈ కరెంటు ఇంటికీ పనికొస్తుంది. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయిన ఇళ్లలో మాదీ ఒకటి. ఈ బండితో ఇల్లంతా నడిపే పరికరం పెట్టించడానికి అడిగితే వేలల్లో చెప్పారు. ఆ ఖర్చు పక్కన పెట్టి, ఫ్రిజ్‌కూ ఒక హీటర్‌కూ సరిపడే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైర్లు కొని గ్యారేజీలో వేలాడదీశాను.

2025 డిసెంబరులో ఫోర్డ్ ఈ పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్‌ను ఆపేస్తున్నట్టు చెప్పింది. తర్వాతి బండిలో బ్యాటరీని నింపే పెట్రోలు జనరేటర్ ఉంటుందట, 700 మైళ్లకు పైగా పోతుందట. లాగేవాళ్లు అడుగుతున్నది ఏమిటో వాళ్లకూ అర్థమైందన్నమాట. నా బండి అమ్మకం ధర దీంతో ఇంకా దిగినా నాకు పట్టింపు లేదు, అమ్మే ఉద్దేశంతో కొనలేదు. బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్లు. ఏళ్ల లెక్కన 2031 దాకా వస్తుంది. అప్పటికి పిల్లలు కాలేజీల్లో ఉంటారు, ట్రైలర్‌లో పడుకునేది నేనూ మా ఆవిడే. ఇద్దరికైతే కన్నీటిబొట్టు ఆకారంలో ఉండే చిన్న ట్రైలర్ సరిపోతుంది. అది ట్రక్కు ఎత్తును మించదు కాబట్టి గాలి దెబ్బ కూడా తక్కువ. గ్యారేజీలో పడుతుంది, యార్డు అద్దె ఉండదు. పాతవాటి ధరలు అప్పుడప్పుడూ చూస్తున్నాను, ఇంకా తగ్గాలి.