ఉదయగిరి దారిలో బొమ్మల పుస్తకాలు

ఉదయగిరి అనగానే మన ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది చెక్క గరిటెలే కదూ! కొండ, కోట ఆ తర్వాత. నెల్లూరు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. మేము ఆత్మకూరులో బస్సు మారాం. ఎండ ముదరకముందే ఊరు చేరాలనుకుంటే తెల్లవారుజామునే బయల్దేరండి.

ఈసారి నాతో మా అక్క కూతురు వచ్చింది. ఇంగ్లండులో ఉంటుంది. చెప్పులు మరిచిపోయింది కానీ పాత పుస్తకాల షాపులో కొన్న మూడు బొమ్మల కథల పుస్తకాలు మాత్రం సంచిలో వేసుకొచ్చింది. ఆత్మకూరులో బస్సు కోసం గంటసేపు కూర్చోవలసి వచ్చింది కాబట్టి అక్కడే తిరగేశాం. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒకందుకు అదే మంచిదైంది. మాటలు చదవలేనప్పుడే బొమ్మను సరిగ్గా చూస్తాం.

మొదటిది బ్రూన్స్ అనే కుటుంబం కథ. స్కాట్లండులో ఒక ఆదివారం పత్రికలో 1936లో మొదలైంది. తల్లి, తండ్రి, తాత, ఎనిమిది మంది పిల్లలు. గీసినాయన డడ్లీ వాట్కిన్స్. ఇంతమంది ఒకే గదిలో నిలబడితే ఏమవుతుందో మనకు తెలుసుగా! ఈయన బొమ్మలో మాత్రం ఒకరి ముఖం ఇంకొకరిది కాదు. పొడుగాయన వేరు, పొట్టాయన వేరు, అలిగిన పిల్ల వేరు. గీత తేటగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా ఉంటుంది. బోర్లించిన బకెట్ మీద కూర్చునే ఊలీ అనే పిల్లాడూ ఈయన గీసినవాడే.

రెండోది బీనో. పిల్లల పత్రిక, 1938లో పుట్టింది. అందులో 1951లో వచ్చిన డెన్నిస్ అనే అల్లరి పిల్లాణ్ని గీసినాయన డేవిడ్ లా. వాట్కిన్స్‌కు పూర్తిగా ఎదురు. జుట్టంటే నాలుగు పిచ్చి గీతలు, కాళ్లంటే పరుగు. బొమ్మ వేసేటప్పుడు చెయ్యి కూడా ఆ పిల్లాడి వెనకే పరుగెత్తిందేమో అనిపిస్తుంది. లియో బాక్సెండేల్ అని ఇంకొకాయన బడిపిల్లల గుంపును గీస్తాడు. అసలు గొడవ మధ్యలో నడుస్తుంటే, మూలన ఎవడో ఇంకో తుంటరి పని చేస్తుంటాడు. ఒక్క బొమ్మను పావుగంట చూసినా ఇంకేదో మిగిలే ఉంటుంది. నాకు ముగ్గురిలో ఈయనే నచ్చాడు. మా అమ్మాయి ఓటు వాట్కిన్స్‌కి.

అంతలో బస్సు వచ్చింది. ఉదయగిరి దగ్గరపడుతుంటే కొండ కనిపించింది. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. "పిన్నీ, ఇది చందమామ బొమ్మలా ఉంది!" అంది పిల్ల. నిజమే. శంకర్ గారు గీసిన కోటలు మీకు గుర్తుండే ఉంటాయి. రాయి మీద రాయి, బురుజు మీద బురుజు, రాజుగారి ఒంటిమీద నగ దగ్గర్నుంచి ఏదీ వదలరు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడు ఆయన చేతి బొమ్మే. 2020లో పోయారు. పద్మశ్రీ ఆ మరుసటేడు వచ్చింది. ఏం చెప్పాలి!

1947లో చందమామ మొదలైన కొత్తల్లోనే గీసిన చిత్ర గారిది ఇంకో తీరు. ఆ ముఖాలు మెత్తగా, మన పక్కింటివాళ్లలా ఉంటాయి. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలకైతే గీత కన్నా రంగే ప్రాణం. నా చిన్నప్పుడు కథ చదవకుండానే ఇది ఫలానా వారిదని చెప్పేసేవాళ్లం. కింద మూలన సంతకం ఉండేది కాబట్టి సరిచూసుకోవడమూ తేలికే.

బస్సులో మా అమ్మాయి చెప్పిన సంగతి ఇక్కడే నన్ను పట్టుకుంది. అప్పట్లో బీనోలో గీసినవాళ్లు పేరు పెట్టుకునే ఆచారమే ఉండేది కాదట. వాట్కిన్స్‌కి మాత్రం ఆ హక్కు దక్కింది. మిగతావాళ్ల బొమ్మలు లక్షలమంది పిల్లలు చూసి నవ్వారు, గీసిందెవరో వాళ్లకు తెలియదు. బాక్సెండేల్ తన బొమ్మల మీద హక్కు కోసం ఏళ్లతరబడి కోర్టులో పోరాడితే 1987లో రాజీ కుదిరింది.

ఈ మాటలు చెవిలో ఉండగానే గరిటెలు చేసే ఇంటికి వెళ్లాం. ఉదయగిరిలో ఈ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లే. కూర్చున్నచోటే ఆకురాయితో చెక్కను అరగదీసి, కాడల మీద జాలీలా సన్నని నగిషీ తీస్తారు. పళ్ల ఫోర్కులు, ఉప్పు చెంచాలు, అన్నం హస్తాలు అన్నీ చాప మీద కుప్పగా పోసి ఉన్నాయి. దేని మీదా పేరు లేదు.

"ఇవన్నీ మీరే చేశారా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ నవ్వి, కుప్పలోంచి రెండు గరిటెలు ఏరి పక్కపక్కన పెట్టింది. "ఇది నాది. ఇది మా తోడికోడలిది. చూడు, కాడ చివర ఆమె ఇట్లా కొంచెం పైకెత్తుద్ది. నాకు రాదు అది."

తేడా నూలుపోగంత. ఒకసారి చూపించాక కుప్ప మొత్తంలో తోడికోడలి గరిటెలు మా కంటికి వాటంతటవే కనిపించసాగాయి. నాలుగు ఏరుకున్నాం. మా అమ్మాయి ఆ తోడికోడలి పేరు కూడా అడిగి, బీనో పుస్తకం చివరి పేజీలో రాసుకుంది.