మిగిలిన రాత్రులు

లాంతరులో కిరసనాయిలు అయిపోవచ్చినప్పుడు వత్తి మాడి ఒక వాసన వస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు లాంతరు లేదు. అయినా దసరా రోజుల్లో వాన పడి కరెంటు పోయిందంటే ఆ వాసన నా ముక్కుకు తగులుతుంది.

1991 దసరా. నెల్లూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. అంతకుముందు ఏడాదే కేరళలో ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని, మనమెందుకు సాధించలేమని కళాజాతా వాళ్లు మా కాలేజీలో డప్పు కొట్టి పాడారు. ఆ పాటలో ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. ఒళ్లు జలదరించడం మాత్రం గుర్తుంది. సెలవులకు ఇంటికి పోకుండా నలుగురం పేర్లిచ్చి, ఉదయగిరి వైపు మెట్టలో ఒక పల్లెకు వెళ్లాం.

మూడు వాచకాలు, మొత్తం 200 గంటల చదువు. రోజుకు రెండు గంటల లెక్కన నూరు రాత్రులు. మా సెలవులు పన్నెండు రాత్రులు. ఈ తీసివేత ఎంత తేలికో! డిగ్రీలో లెక్కలు చదువుతున్నవాణ్ణి, ఆ రోజు మాత్రం చెయ్యలేదు.

బడి వరండాలో నా ముందు పదిమంది ఆడవాళ్లు. పగలంతా పొగాకు మొక్కలు నాటి వచ్చేవాళ్లు. పలక మీద వేళ్లు పెడితే గోళ్లలో ఎర్రమట్టి కనిపించేది. బలపాన్ని విత్తనం పట్టుకున్నట్టు మూడు వేళ్లతో మెత్తగా పట్టుకునేవాళ్లు. గట్టిగా పట్టుకోమని నేను గద్దించేవాణ్ణి. వాళ్లలో మా అమ్మ వయసు వాళ్లూ ఉన్నారు.

సరస్వతీ పూజ రోజు పలకలకు పసుపు, కుంకుమ పెట్టుకొచ్చారు. ఒక పెద్దామె నవ్వుతూ అన్నది: "పిల్లకాయలకి మేం అచ్చరాభ్యాసం చేయించినాం గానీ, మాకెవురు చేయించినారబ్బయా?" ఆ రాత్రి ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించాను. ఎండిన చర్మం గరగరలాడింది.

ఒకామె రోజూ ఆలస్యంగా వచ్చేది. నాలుగో రాత్రో, ఐదో రాత్రో అందరి ముందూ అడిగాను: "చదువు అవసరం మీకా, నాకా?" ఆమె ఏమీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివర కూర్చుంది. తరగతి అయ్యాక ఆ పెద్దామె నన్ను పక్కకు పిలిచి చెప్పింది. పొద్దుటి కూలి డబ్బులు మొగుడు లాక్కుని సారా ప్యాకెట్లకు పెట్టాడు. బదులు బియ్యం తెచ్చి, పిల్లలకు వండిపెట్టి వచ్చింది. మరునాడు ఆమె అందరికంటే ముందొచ్చి కూర్చుంది. క్షమించమని అడగాలనిపించింది. ఇరవై ఏళ్ల వయసులో నోరు పెగల్లేదు. ఇప్పుడు పెగులుతుంది, కానీ ఆమె ముందు లేదు.

మరో రెండు రాత్రులకు స, ర, వాటికి దీర్ఘాలు వచ్చాయి. పొద్దున్నే బావి దగ్గర పళ్లు తోముకుంటున్నాను. పొలానికి పోతూ ఆమె సారా కొట్టు ముందు ఆగింది. బోర్డు వైపు చూస్తూ, పెదాలు కదిలించి, "సా... రా" అంది. నా వైపు తిరిగింది.

"రెండే అచ్చరాలా అబ్బయా? ఇంతేనా?"

అక్షరాలు కూడబలుక్కుని చదివిందన్న సంతోషంతో నేను చప్పట్లు కొట్టాను. ఆమె మొహంలో సంతోషం లేదు. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మాకు లాంతరు పట్టుకోవడానికి ఒక పిల్ల వచ్చేది. ఏడులోనో, ఎనిమిదిలోనో బడి మానేసింది. గాలి వీస్తే పావడాతో చిమ్నీకి అడ్డం పెట్టేది. మంచినీళ్లు తెమ్మనేవాణ్ణి, పలకలు తుడవమనేవాణ్ణి. చదువొచ్చిన పిల్ల మా మధ్యనే ఉందని, ఒక్క పాఠం చెప్పించి చూద్దామని నాకు తోచలేదు.

పన్నెండో రాత్రి సంక్రాంతికి వస్తానని మాటిచ్చాను. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో కారణం కూడా గుర్తు లేదు. బహుశా కారణమేమీ లేకపోవడమే కారణం.

1992లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న దూబగుంట అనే ఊరి పేరు పేపర్లలో మోగింది. వాచకంలో సారా గురించి ఉన్న సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు, వేలంపాటలు అడ్డుకున్నారు. చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్ల ఫొటోల్లో, ఆ సారా బోర్డు చదివినామెను వెతికాను. ఎంత వెతికినా దొరకదని అప్పుడే తెలిసింది. ఆమె మొహం నాకు గుర్తు లేదు. గోళ్లలో ఎర్రమట్టి, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు, అంతే.

1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో, మా నలుగురిలో ఒకడు కలిశాడు. వాడు సంక్రాంతికి ఆ ఊరు వెళ్లాడట. వరండాలో చదువు నడుస్తూనే ఉందట. చెబుతున్నది లాంతరు పిల్ల. పలకలు తుడిచిన చేత్తోనే మిగిలిన ఎనభై ఎనిమిది రాత్రులూ నడిపించింది. సీతమ్మ కథ చదివించింది కూడా ఆ పిల్లే.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సెలవులొస్తే ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఏడు రోజుల శిబిరానికి పల్లెలకు వెళతారు. వాళ్ల ఉత్సాహం చూస్తే నాకు కడుపు నిండుతుంది. బస్సెక్కే ముందు ఒక్కటే చెబుతాను: "వెళ్లిన మొదటి రోజే చూసుకోండి, అక్కడ లాంతరు ఎవరి చేతిలో ఉందో. ముందు ఆ పిల్ల పక్కన కూర్చోండి."

లాంతరేంటి సార్ అంటారు వాళ్లు. అప్పుడు ఇదంతా చెబుతాను.