మొరం బాట, మా గుట్ట

గ్రావెల్ బైకింగ్ అనే మాట నాకు ఇంజనీరింగ్ సెకండియర్‌లో తెలిసింది. పని మాత్రం ఏడో తరగతి నుంచే చేస్తున్నా. గ్రావెల్ అంటే మనం మొరం అంటాం చూడండి, అదే. తారు వేయని బాట మీద, లారీలూ బస్సులూ రాని చోట, కాస్త లావు టైర్ల సైకిల్ తొక్కుకుంటూ దూరం పోవడం. దీనికోసం విదేశాల్లో ప్రత్యేకంగా సైకిళ్లు చేస్తారు. వాటి ధర చూసి వెంటనే ట్యాబ్ మూసేశా. తర్వాత ఆగలేక టైరు కొలత మాత్రం చూశా. 40 మిల్లీమీటర్లు. మా బాపు పాత అట్లాస్ సైకిల్ టైరు మీద 28 × 1½ అని రాసి ఉంటది. లెక్కేస్తే అదీ దాదాపు 40 మిల్లీమీటర్లే! అంటే ఊర్లల్ల పాలక్యాన్లు మోసే సైకిల్ పుట్టుకతోనే గ్రావెల్ బైక్. గేర్లుండవు, ఎత్తాలంటే నడుం పట్టేస్తది, అది వేరే సంగతి. (ఆ అట్లాస్ వాళ్ల చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. నేను కల్పించింది కాదు.)

మాది చొప్పదండి. కరీంనగర్ రోడ్డు మీద సైకిల్ తొక్కడమంటే ప్రాణాలు జేబులో పెట్టుకుని పోవడమే. గ్రానైట్ బండలు మోసే లారీ పక్కనుంచి పోతుంటే ఆ గాలికే హ్యాండిల్ వణుకుతది. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతది. రెండు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, రెండు ఎత్తున్న బండ ఎంత అవుతదో మీరే వేసుకోండి. అది మన మోచేతికి అడుగు దూరంలో గొలుసులు కట్టుకుని పోతుంటది.

అందుకే కాలువ కట్ట. మా పక్క మండలం రామడుగులో వరద కాలువ ఉంది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నుంచి మిడ్ మానేరు దాకా 122 కిలోమీటర్లు. దాని కట్టల మీద అధికారుల జీపుల కోసం వేసిన మొరం బాట ఉంటది. గొర్ల మంద, ఎప్పుడన్నా ఓ ట్రాక్టరు, అంతే. ఇంకో లాభం సివిల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. నీళ్లు వాటంతట అవే పారాలి కాబట్టి కాలువ వాలు చాలా తక్కువగా పెడతారు. మనకు కావలసిందీ అదే, గేర్లు లేని సైకిల్‌కు చదును దారి. లక్ష్మీపూర్ దగ్గర భూమి లోపల గాయత్రి పంప్‌హౌస్ ఉంది, 139 మెగావాట్ల మోటార్లు ఏడు. 2019 ఆగస్టులో మొదలైంది. అవి నడిచినప్పుడు కాలువలోకి నీళ్లు ఉరికి వస్తుంటే చూడ్డానికి ఊర్లకు ఊర్లే కదిలినయి. నేనైతే మోటార్లు ఆగిన రోజులే కోరుకుంటా. అప్పుడు కట్ట మీద టైరు కింద మొరం నలిగే చప్పుడు ఒక్కటే వినిపిస్తది.

ఈ మొరం పిచ్చిలోనే స్పెయిన్‌లో కాటలోనియా ప్రాంతపు గరోచా గురించి చదివా. అదో అగ్నిపర్వతాల పార్కు. చల్లారిన చిన్న చిన్న అగ్నిపర్వతాలు దాదాపు 40, వాటి మీద అడవులు. ఒకదాని నోట్లో పచ్చగడ్డి, మధ్యలో చిన్న ప్రార్థనా మందిరం. అక్కడి ఓలోట్ ఊరినుంచి జిరోనా దాకా ఒకప్పుడు బుల్లి రైలు నడిచేది. 1969లో మూసేశారు. పట్టాలు పోయిన ఆ దారే ఇప్పుడు 50 కిలోమీటర్లకు పైగా సైకిల్ బాట. మన కాలువలాగే రైలుకూ వాలు తక్కువ కావాలి కదా, సైకిల్‌కు కలిసొచ్చింది.

నన్ను నిలబెట్టింది మాత్రం క్రోస్కాట్ అనే అగ్నిపర్వతం. 150 మీటర్లకు పైగా ఎత్తు. దాన్ని ఏళ్ల తరబడి కంకర కోసం తవ్వారు. పక్కనుంచి చూస్తే కేకు ముక్క కోసినట్టు లోపలి పొరలన్నీ కనిపిస్తయి. జనం అడ్డంపడ్డారు, 1982లో చట్టం చేసి ఆ ప్రాంతాన్ని కాపాడారు, తవ్వకం పూర్తిగా ఆగేసరికి 1990లు వచ్చినయి. ఇప్పుడా కోతనే చూపించి, అగ్నిపర్వతం లోపల ఇట్లుంటది అని పిల్లలకు చెప్తున్నారు.

ఆ ఫొటో చూసి నాకు మా గుట్టలు గుర్తుకురాకపోతే ఆశ్చర్యం.

మావి అగ్నిపర్వతాలు కావు, ముందే చెప్తున్నా. లావా పారి గడ్డకట్టిన రాయి చూడాలంటే ముథోల్, భైంసా దిక్కు పోవాలి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావా అక్కడిదాకా వచ్చింది. ఆ రాయి చితికే నల్లరేగడి అయింది, దాని మీదే పత్తి. మాదీ కరిగిన రాయే గానీ బయటికి రాలేదు, భూమి లోపలే నిదానంగా చల్లారింది. నిదానంగా చల్లారితే స్ఫటికాలు పెద్దగా పెరుగుతయి. కరీంనగర్ రాయిలో గోధుమ రంగు మచ్చలు కొట్టొచ్చినట్టు కనపడేది అందుకే. దానికి టాన్ బ్రౌన్ అని పేరు పెట్టి చైనా దాకా పంపుతున్నారు. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వంటింటి గట్టుకు అంత పాత రాయి అవసరమా అని అనిపిస్తది గానీ, అంత పాతదైతేనే గట్టిగా ఉంటదేమో.

కట్టకు పోయే దారిలో ఓ గుట్ట ఉంది. చిన్నప్పుడు సీతాఫలాలు ఏరుకున్న గుట్ట. ఇప్పుడు సగం లేదు. డైమండ్ తీగతో కోసిన గోడ నున్నగా నిలబడి ఉంది, పక్కన పనికిరాని బండల కుప్ప ఇంకో గుట్టలా పెరిగింది. పోయిన దసరా సెలవుల్లో దాని గురించి ఇంట్లో అన్నా.

మా బాపు గ్రానైట్ లారీ డ్రైవర్.

"గుట్ట కోసం గింత బాధపడుతున్నవ్, మంచిదే," అన్నాడు బాపు. "నీ హాస్టల్ ఫీజు ఏడికెల్లి వస్తుందనుకున్నవ్ బిడ్డా?"

కాక పక్కనుంచి అందుకున్నాడు. "గుట్ట ఉన్నప్పుడు మేం బొంబాయి పోయినం రా. గుట్ట పోతున్నప్పుడు ఇంటికాడ తింటున్నం."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పర్యావరణం మీద కాలేజీలో వ్యాసరచన పోటీ పెడితే మూడు పేజీలు రాసి బహుమతి తెచ్చుకోగలను. మా ఇంటి గడపలో మాత్రం ఒక్క వాక్యం రాలేదు. ఫోన్ తీసి క్రోస్కాట్ ఫొటో చూపించా. బాపు వేళ్లతో పెద్దగా చేసి చాలాసేపు చూశాడు.

"ఇది రాయి గాదు, బూడిద కంకర. దీన్ని పారతోనే తియ్యొచ్చు," అన్నాడు. కొంచెం ఆగి అడిగాడు: "మరి ఆపినంక ఆ పనోళ్లు ఏం జేసిండ్రు?"

నేను చదివిన ఏ పేజీలోనూ ఆ సంగతి లేదు.

సాహిత్యం క్లబ్బు పత్రిక కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. అదే సెలవుల్లో గంగాధర మండలం కురిక్యాలకు తొక్కా. అక్కడ బొమ్మలగుట్ట ఉంది. బండ మీద చక్రేశ్వరీ దేవి, జైన తీర్థంకరులు. వాటి కింద పదో శతాబ్దపు శాసనం, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో. వేయించింది జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. అందులో తెలుగువి మూడు కంద పద్యాలు. నన్నయ ఇంకా పుట్టకముందే మా కరీంనగర్ బండ మీద కందం ఉందన్నమాట. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు చూపించిన ఆధారాల్లో ఇదీ ఒకటి.

సైకిల్ కింద పెట్టి ఎక్కి, అక్షరాల మీద చెయ్యి పెట్టకుండా దగ్గరగా చూశా. రాయి అదే రాయి, మా గుట్టదీ ఇదే జాతి. దీని మీద పద్యం ఉంది కాబట్టి దీనికో పేరుంది, అడిగేవాళ్లున్నారు. మా సీతాఫలాల గుట్ట మీద ఏ జినవల్లభుడూ ఏమీ రాయలేదు. అది నాకు అన్యాయంగానే తోచింది.

తిరిగి వచ్చాక బాపుకు ఆ పద్యాల సంగతి చెప్పా. వెయ్యేళ్ల కింద ఉలితో గ్రానైట్ మీద అక్షరం చెక్కారంటే నమ్మలేదు. "గంత గట్టి రాయి మీదనా?" అని రెండుసార్లు అడిగాడు. ఈ సంక్రాంతికి ఖాళీ దొరికితే చూస్తానన్నాడు. లారీ మీద కాదు, సైకిల్ మీదే వస్తాడట. సైకిల్ ఒక్కటే ఉంది. ఇంకోటి ఎవరిదన్నా అడగాలి.

మీలో ఎవరన్నా వస్తామంటే చెప్పండి. పొద్దున ఆరింటికి మొదలవ్వాలి, పది దాటితే కట్ట మీద నీడ ఉండదు. టైరులో గాలి కొంచెం తక్కువే పెట్టండి, మొరం మీద జారదు. రెండు సీసాల నీళ్లు, ఒక పంక్చర్ కిట్టు. కాలువలోకి మాత్రం దిగొద్దు, లైనింగ్ పాకురుపట్టి ఉంటది, ఈతొచ్చినోళ్లు కూడా పైకి రాలేరు.