బాలి ద్వీపములో మోటారు సైకిళ్ళు, సముద్రపు పలకలు



ఇండొనేసియా దేశములోని బాలి ద్వీపము పేరు మీలో చాలామంది వినియుంటారు. 2023 ఆగస్టు నెలలో ఒక సమావేశము నిమిత్తము అక్కడ ఎనిమిది దినములు ఉండే అవకాశము నాకు కలిగింది. ఆ ద్వీపములోని కొండలను గురించి, వరిచేలను గురించి వ్రాసినవారు అనేకులు. నేను మాత్రము అక్కడి రోడ్ల మీద గమనించిన ఒక చిన్న సంగతిని మీ ముందు ఉంచదలచాను. చూడడానికి అది ఆటకు సంబంధించిన సంగతే గాని, మోటారు సైకిలు ఉన్న ప్రతి ఇంటికీ పనికివచ్చేది.

బండికి వేలాడే పలక

బాలి ద్వీపము మన పాత కృష్ణా జిల్లా కంటె చిన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారము అక్కడ సుమారు 43 లక్షల మంది ఉన్నారు. రోడ్లు ఇరుకు. కారు తిరగలేని సందులు చాలా ఉన్నాయి. అందుచేత పెద్దలు, పిల్లలు, ఆడవారు, మగవారు అందరికీ మోటారు సైకిలే ఆధారము. కూరగాయలు అమ్మేవారు బండి మీదనే దుకాణము పెట్టుకొని వీధి వీధి తిరుగుతారు. మనవలెనే అక్కడ కూడా వాహనములు రోడ్డుకు ఎడమవైపునే నడుస్తాయి.

సముద్రము దగ్గరనున్న కూతా, చాంగూ అనే ఊళ్ళకు వెళితే మరొక దృశ్యము కనబడుతుంది. బండ్ల ఎడమ ప్రక్కన మనిషి అంత పొడవైన తెల్లని పలక ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది సర్ఫింగ్ బోర్డు. అల లేచే సమయానికి దాని మీద నిలబడి, అలతోపాటు ఒడ్డువైపు జారుకుంటూ రావడమే సర్ఫింగ్ అనే ఆట. ఇండొనేసియా భాషలో ఈ బోర్డును ‘పాపన్ సెలాన్చార్’ అంటారు. ‘పాపన్’ అంటే పలక.

ఈ పలక లోపల నురగ వంటి తేలిక పదార్థము, పైన గాజునార, జిగురు పూత ఉంటాయి. చిన్న పలక సుమారు 6 అడుగుల పొడవు, 20 అంగుళముల వెడల్పు, 3 కిలోల బరువు ఉంటుంది. నేర్చుకొనేవారు వాడే పలక 8, 9 అడుగులు కూడా ఉంటుంది. మోటారు సైకిలు పొడవు ఆరు, ఆరున్నర అడుగులే గదా! బండి కంటె పొడవైన వస్తువును బండికి కట్టుకొని పోవడము ఎట్లాగో అక్కడివారు నేర్చుకున్నారు.

అల దగ్గరకు చేరే దారి

బాలి తీరములో ఈ ఆట ఎప్పుడు మొదలైంది? 1936లో రాబర్ట్ కోక్ అనే అమెరికా దేశస్థుడు, లూయీస్ అనే ఆమెతో కలిసి కూతాలో ఒక హోటలు పెట్టాడు. హవాయి ద్వీపములలో నేర్చుకున్న సర్ఫింగును అతడే ఇక్కడికి తెచ్చాడు. తరువాత చాలాకాలము ఈ ఆట మరుగున పడింది. 1971లో ద్వీపపు దక్షిణపు కొనలో ఉన్న ఉలువాటు అనే చోట అలల మీద ఆడుతుండగా సినిమా తీశారు. 1972లో ఆ సినిమా విడుదలైన తరువాత దూరదేశముల యువకులు ఇక్కడికి రావడము ఎక్కువైంది.

ఉలువాటు దగ్గర తీరము ఎత్తైన రాతి గోడవలె ఉంటుంది. నీటిలోనికి దిగాలంటే మెట్లు దిగి, ఒక గుహ గుండా వెళ్ళాలి. ఆ తొలి దినములలో రోడ్డు నుండి అక్కడికి కాలిబాటే ఉండేది. పరదేశుల పలకలను ఊరి పిల్లలు కూలికి మోసేవారు. పలక మోసినవారికి అల మీద నిలబడే భాగ్యము వెంటనే దొరకలేదు.

ఈ ఆటకు ఒక్కచోట కాపురముంటే చాలదు. ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు అక్కడ ఆగ్నేయ దిక్కు నుండి గాలి వీస్తుంది. అది పడమటి తీరములో భూమి మీద నుండి సముద్రము మీదికి పోతుంది గనుక అక్కడి అలలు చక్కగా లేస్తాయి. నవంబరు నుండి మార్చి వరకు వర్షాకాలములో గాలి పడమటి నుండి తిరుగుతుంది. అప్పుడు సనూర్, కెరామాస్ వంటి తూర్పు తీరముల అలలు బాగుంటాయి. గాలి మారినప్పుడల్లా పలకతోసహా తీరము మారాలి. కారు ఉన్నవానికి ఇది సులువు. కారు లేని జాలరి కొడుకు సంగతి ఏమిటి?

వెల్డింగు దుకాణములో తయారయ్యే ఇనుప స్టాండే అతని ప్రశ్నకు జవాబు. వంచిన రెండు ఇనుప కమ్మీలు, వాటికి మెత్తని తొడుగు, పలక జారిపోకుండా బిగించే రబ్బరు పట్టీ, అంతే. కమ్మీలను బండి చట్రానికి బోల్టులతో బిగిస్తారు. ఇంత చిన్న వస్తువువలన కారు కొనలేని ఇంటి పిల్లవాడు కూడా తెల్లవారకముందే అల దగ్గరకు చేరగలుగుతున్నాడు. సర్ఫింగును మొదటిసారి ఒలింపిక్సులో చేర్చినది టోక్యో క్రీడలలో. అవి 2021లో జరిగాయి. వాటిలో ఇండొనేసియా తరఫున పోటీచేసిన రియో వైదా పెరిగినది ఈ బాలిలోనే.

ఎడమవైపే ఎందుకు?

చాంగూలో ఒక వెల్డింగు దుకాణము ముందు నిలబడి పని చూస్తూ ఉన్నాను. ఆ పనివాడు నన్ను ‘పాక్’ అని పిలిచాడు. తండ్రి అని అర్థమట. మనవారు ‘అయ్యగారు’ అన్నట్లే. స్టాండు ఎడమవైపే ఎందుకు పెడతావు అని అడిగితే నవ్వి, కుడివైపునున్న సైలెన్సరు గొట్టము చూపించాడు. అది కాలుతూ ఉంటుంది. పలక తగిలితే పాడైపోతుంది. మనలను దాటిపోయే వాహనములు కుడివైపు నుండే పోతాయి గనుక పలక అటు ఉంటే తగలడము ఖాయము. ఎడమవైపు ఉంటే రోడ్డు అంచువైపు ఉంటుంది. అయితే అప్పుడు ఎడమవైపు నడిచేవారిని, ఆగియున్న బండ్లను చూచుకోవలసిన బాధ్యత నడిపేవానిదే. బండి ఎక్కడము కూడా కుడివైపు నుండి అలవాటు చేసుకోవాలి.

తేలికను నమ్మరాదు

పలక బరువు మూడు కిలోలే గదా, భయమెందుకు అనిపిస్తుంది. నిజానికి భయము అక్కడే ఉంది. యాభై కిలోల బియ్యము మూట బండి మీద పెడితే బండి బరువెక్కిందని చేతులకే తెలుస్తుంది. నెమ్మదిగా పోతాము. పలక పెట్టినప్పుడు బండికి ఏమీ తెలియదు. తెలిసేది గాలికి మాత్రమే.

ఆరడుగుల పలకకు గాలి తగిలే వైశాల్యము సుమారు 7 చదరపు అడుగులు. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో ప్రక్కగాలి వీస్తే ఆ పలక మీద పడే తోపు లెక్క ప్రకారము సుమారు 5 కిలోలు. అంటే పలక బరువు కంటె ఎక్కువ. గాలి వేగము రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. అప్పుడు 20 కిలోలు! పెద్ద లారీ ప్రక్కనుండి పోయేటప్పుడు ముందు గాలి మనలను అవతలికి నెడుతుంది, లారీ దాటగానే ఇవతలికి లాగుతుంది. ఇళ్ళ చాటున పోయే బండి ఒక్కసారిగా వంతెన మీదికి ఎక్కినా ఇదే జరుగుతుంది.

బాలి రోడ్ల ప్రక్కన చాలాచోట్ల ‘హాతి-హాతి’ అని వ్రాసియుంటుంది. జాగ్రత్త అని దాని భావము. ‘హాతి’ అంటే వారి భాషలో హృదయము. ఒక్కసారి అంటే హృదయము, రెండుసార్లు అంటే జాగ్రత్త! మనసు పెట్టి నడుపుము అని చెప్పడానికి ఇంతకంటె చక్కని మాట దొరకదు. ఆ మాటను లెక్కచేయక, హెల్మెట్ లేకుండా, చొక్కా కూడా లేకుండా బండ్లు నడిపే పర్యాటకుల వలన ఇబ్బంది ఎక్కువై, 2023 మార్చిలో బాలి గవర్నరు వయన్ కోస్టర్ పరదేశులకు మోటారు సైకిళ్ళు అద్దెకు ఇవ్వరాదని ప్రతిపాదించారు.

మన ఊరిలో

మనకు సర్ఫింగ్ బోర్డులెక్కడివి అంటారేమో. విశాఖపట్నము దగ్గర ఋషికొండ తీరములో మన యువకులు ఈ ఆట నేర్చుకుంటున్నారు. ఆ సంగతి అట్లుండగా, పరుపు, ప్లైవుడ్ షీటు, సిమెంటు రేకు, తలుపు రెక్క, వల మూట, పెండ్లి పందిరికి కట్టే ఫ్లెక్సీ చట్రము – వీటిలో ఏదో ఒకటి మోటారు సైకిలు మీద తేని ఊరు మనలో ఉన్నదా?

మా సంఘములో వడ్రంగము చేసే ఒక యువకుడు, పండుగకు ముందు దినమున ప్లైవుడ్ షీటు కొన్నాడు. ఆటోకు డబ్బులెందుకని తమ్ముణ్ణి వెనుక కూర్చోబెట్టి, షీటును అడ్డముగా పట్టుకోమన్నాడు. ఊరిలో ఉన్నంతసేపు బాగానే ఉంది. కాలువ వంతెన ఎక్కగానే గాలి షీటును తిప్పింది. ఇద్దరూ పడ్డారు. తమ్ముని కాలు విరిగింది. ఆ సంవత్సరము అతడు పరీక్ష వ్రాయలేకపోయాడు. నేను ఆసుపత్రికి చూడబోతే వారి తల్లి, “అయ్యగారూ, ఆటోకు అడిగింది రెండు వందలే” అని ఏడ్చింది. ఆ మాట నేను మరువలేదు.

బాలిలో ఆ ఇనుప స్టాండును చూచినప్పుడు ఆ ఇద్దరు అన్నదమ్ములే నాకు గుర్తుకు వచ్చారు. అందుచేత అక్కడ గమనించిన ఈ కొద్ది సంగతులను మీ ఇంటి పిల్లలకు చెప్పండి.

1. వెడల్పైన వస్తువును గాలికి అడ్డముగా పట్టుకోవద్దు. అంచు ముందుకు ఉండేలా, బండి పొడవునా కట్టాలి.

2. వెనుక కూర్చున్నవాని చేతులను తాడుగా వాడవద్దు. వస్తువును కనీసము రెండుచోట్ల బండికే బిగించాలి. తాడు కొస చక్రములో పడకుండా చూడాలి.

3. వస్తువు కాలికి, బ్రేకుకు, హ్యాండిల్ తిప్పడానికి అడ్డురాకూడదు. బయలుదేరకముందే హ్యాండిలును రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి.

4. వంతెనల మీద, చెరువు గట్ల మీద, లారీలు తిరిగే రోడ్ల మీద వేగము బాగా తగ్గించాలి. గాలి ఎక్కువగా ఉంటే ఆగిపోవాలి.

5. బండి కంటె బాగా పొడవైనది, లేక ఒక మనిషి చేతులు చాపినంత వెడల్పైనది అయితే బండి మీద తేవద్దు. ఆటో పిలవండి. బాలిలో కూడా తొమ్మిదడుగుల పలకలు తెచ్చుకొనేవారిలో అనేకులు కారునే మాట్లాడుకుంటారు.

స్టాండు చేసిన ఆ పనివాడు ఒక బండికి బోల్టులు బిగించిన తరువాత, పలక పెట్టి, రెండు చేతులతో గట్టిగా ఊపి చూచాడు. అది కదిలింది. వెంటనే అంతా విప్పి మరల బిగించాడు. ఆ బండి యజమాని తొందరపెట్టినా అతడు వినలేదు. ఆ యజమాని ఆ దినము కొంచెము ఆలస్యముగానే సముద్రము దగ్గరకు వెళ్ళియుంటాడు. పలకతో క్షేమముగా తిరిగి వచ్చియుంటాడు కూడా.