ఇడ్లీ రేకుల్లో బోల్టులు

మొన్న ఆదివారం ఇడ్లీ వేద్దామని రేకులు వెతికితే వరండాలో దొరికాయి. ఒక్కో గుంటలో నాలుగేసి బోల్టులు, పక్కన మావాడి రాతలో చీటీలు: "కుడి సిలిండరు", "క్లచ్ మూత". ఆ పూట మా ఇంట్లో ఉప్మా.

ఇదంతా మా అన్నయ్య బండి కోసం. రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350నే 1983 నుంచి ఎస్కార్ట్స్ వాళ్లు ఇక్కడ తయారుచేశారు. 347 సీసీ, రెండు సిలిండర్లు. అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మద్రాసు దగ్గర షోలవరం రేసుల్లో తిరిగిన బండి అని అమ్మినవాడు చెప్పాడట. నిజమో కాదో ఆ బండికే తెలియాలి. మా దాచేపల్లిలో మాత్రం అది వస్తుంటే సందు చివర నుంచే తెలిసిపోయేది.

1998లో నా బీఏ ఆఖరి ఏడాది పరీక్షలు. నరసరావుపేట హాస్టల్లో ఉండి, హాల్ టికెట్ ఇంట్లో మర్చిపోయాను. రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేస్తే, పొద్దున్నే తెచ్చిస్తానన్నాడు అన్నయ్య. పిడుగురాళ్ల దాటకముందే గేదె అడ్డం వచ్చింది. ఎడమ కాలు మూడుచోట్ల విరిగింది. ఆ కాలు ఇప్పటికీ సరిగా వంగదు. నేనా పేపరు సెప్టెంబరులో రాసుకున్నాను. అమ్మ ఆ బండిని మిరపకాయల షెడ్డులో, టిక్కీల వెనక్కి తోయించేసింది.

అమ్మ పోయాక షెడ్డు ఖాళీ చేస్తుంటే బయటపడింది. మా ఆయన, ఇంజనీరింగ్ చదువుతున్న మావాడు దాన్ని మా ఇంటికి తోసుకొచ్చారు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఇంజను రెక్కల సందుల్లోకి గాలి కొడితే పాతికేళ్ల మిరప ధూళి లేచింది. వీధి వీధంతా తుమ్ములే. వైర్లు ఎలుకలు తినేశాయి. పిస్టన్లు బిగుసుకుపోయాయి. ప్లగ్గు రంధ్రాల్లో నూనె పోసి పది రోజులు ఆగితే అప్పుడు కదిలాయి. లోపల క్రాంకు సీళ్లు ఎండి బిస్కెట్లలా విరిగాయి. టూ స్ట్రోకు బండికి అవే ప్రాణమట. అక్కడ గాలి లాగితే పెట్రోలు పాళ్లు తప్పి పిస్టన్ కాలిపోతుందట. తుప్పు బోల్టులకు మాత్రం మందు నేనే చెప్పాను. ఇత్తడి బిందెకు పట్టినట్టే చింతపండు గుజ్జులో రాత్రంతా నానబెట్టి, కడిగి, వెంటనే తుడిచి నూనె రాయాలి. తడి ఉంచారో, మళ్లీ తుప్పే.

అన్నయ్య రోజూ సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. బండిని ముట్టుకునేవాడు కాదు. ముందు చక్రం విప్పిన రోజు మా ఆయన బ్రేక్ షూ చేతిలో పెట్టి, "చూడు బావా, లైనింగ్ గోరంత కూడా లేదు" అన్నారు.

అన్నయ్య దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

"అప్పటికే అరిగిపోయింది. నాకు తెలుసు. పత్తి డబ్బులొచ్చాక మార్పిద్దామనుకున్నా."

చేతిలో కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇరవై ఏడేళ్లుగా ఆయన మెట్లెక్కేటప్పుడు నేను చూపు తిప్పేసుకునేదాన్ని.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం అన్నయ్యా?"

"నువ్వెప్పుడడిగావు?" అని కాఫీ అందుకున్నాడు.

జపాన్ బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేదట. ఇక్కడ డ్రమ్ముతో సరిపెట్టారు. ఆ మాట విన్నాక డిస్కు పెట్టించనిదే బండి గేటు దాటదన్నాను. కంపెనీ రూపం పోతుందని మా ఆయన గొణిగారు. పోనీ.

పోయిన వారం డిస్కు బిగించారు. మావాడు ఏడో కిక్కుకి స్టార్ట్ చేశాడు. నీలం పొగ వంటింటి దాకా వచ్చింది. అన్నయ్య కర్ర గోడకానించి, ఆ కాలు చేత్తో ఎత్తుకుని వెనక ఎక్కాడు.

"నెమ్మదిగా పోనివ్వరా" అన్నాను.

"నీ హాల్ టికెట్ నా దగ్గర లేదులేవే" అన్నాడు అన్నయ్య.

నాగులేరు వంతెన దాకా వెళ్లొస్తామన్నారు. వాళ్ల చప్పుడు వినిపించినంతసేపూ గేటు దగ్గరే నిలబడ్డాను.